మా మామ తోక సిద్ధాంతం

పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా మామ నన్ను వంట వచ్చా అని అడగలేదు. పాట పాడమని కూడా అనలేదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, "పిల్లిని ఎట్ల కిందికి ఇడ్సినా కాళ్ల మీదనే పడ్తాది. ఎందుకో చెప్పమ్మా" అన్నాడు.

మాది బేతంచెర్ల. మా నాన్న బండల పాలిషు ఫ్యాక్టరీలో మేస్త్రీ. నేను కర్నూలులో హాస్టల్లో ఉండి ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేశాను. మా ఇంటికి అంతకుముందు వచ్చిపోయిన పెళ్లివాళ్లంతా నా ఎత్తు గురించీ రంగు గురించీ అడిగినవాళ్లే. చదివిన చదువులో నుంచి ఒక ప్రశ్న వచ్చేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. "గాల్లో ఉన్నప్పుడు దానికి ఆనుకునేకి ఏమీ ఉండదు సార్. అందుకని నడుం దగ్గర ఒళ్లు వంచి, ముందు సగం ఒకసారి, వెనక సగం ఒకసారి..." అని మొదలుపెట్టాను.

ఆయన చెయ్యి పైకెత్తాడు. క్లాసులో అల్లరిని ఆపే లెక్చరరు చెయ్యి అది. ఆగిపోయాను.

"తోక" అన్నాడు. "తోక ఒక పక్కకు తిప్పితే ఒళ్లు ఇంకో పక్కకు తిరుగుతాది. అంతే."

తప్పని చెప్పడానికి నోరు తెరిచేలోపల మా అమ్మ వెనకనుంచి నా జడ పట్టుకుని లాగింది. నోరు మూసుకున్నాను. "పిల్ల చదువుకున్యాది, అయినా వినయం ఉండాది" అని వాళ్లు కడపకు పోయి చెప్పుకున్నారట. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్లు అంటారు. నేను పిల్లితోక పట్టుకుని కడప చేరాను.

మా మామ గురించి న్యాయంగా చెప్పాల్సింది కొంత ఉంది. ఆయనది కమలాపురం దగ్గర ఒక పల్లె. తండ్రికి వానను నమ్ముకున్న కొద్దిపాటి చేను. మిషను బడిలో చదువుకుని, వాళ్ల వాడలో అందరికంటే ముందు కాలేజీ మెట్లు ఎక్కిన మనిషి. ఫిజిక్సు లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యాడు. పొద్దున్నే ఇంటి ముందుగదిలో ఇంటర్మీడియట్ పిల్లలకు ట్యూషను చెప్పేవాడు, ఆదివారాలు చర్చిలో సంఘపెద్ద. ఊరంతా ఆయన్ని సారు అంటుంది. కష్టపడి సంపాదించుకున్న గౌరవమే. కాకపోతే స్నానానికి పోయేటప్పుడు కూడా దాన్ని విప్పేవాడు కాదు.

నేను కడపలోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, మా మామకు తప్ప. నేను కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడిచేలోపల, "ఈ పొద్దు నీకొక సంగతి చెప్తా కూసో" అని గురుత్వాకర్షణ మొదలుపెట్టేవాడు. నేను అదే పాఠం అప్పుడే చెప్పి వచ్చి ఉండేదాన్ని. మా అత్త వంటింట్లో నుంచి "దానికి తెలుసులేయ్యా, ఆ పిల్లను కాళ్లు కడుక్కోనీ" అనేది. "తెలిసినా మళ్లీ ఇంటే తప్పులేదు" అనేవాడు.

ఒక వేసవిలో చర్చిలో పిల్లలకు సెలవుల తరగతులు జరిగాయి. మా మామ ఒకరోజు సందేశం ఇవ్వాలి. "దేవుడు పిల్లికి తోక ఎందుకిచ్చినాడు?" అని అడిగాడు.

"ఊపుకునేకి!" అన్నాడొకడు. "కుక్కను బెదిరించేకి!" అంది ఒక పాప.

మా మామ నవ్వి, బకెట్లో ముంచిన తువ్వాలు తీసి తలచుట్టూ గిరగిరా తిప్పాడు. ముందు వరసలో కూర్చున్న పిల్లలందరికీ బాప్తిస్మం అయిపోయింది. "చూస్తిరా, తువ్వాలు ఇట్ల పోతే నేను అట్ల తిరగాల. పిల్లి కూడా అంతే. మనిషికి తోక లేదు. దాని బదులు విశ్వాసం ఇచ్చినాడు. విశ్వాసమనే తోక ఉండేవాడు యాడ పడినా కాళ్ల మీదే నిలబడ్తాడు!"

పాస్టరుగారు పులకరించిపోయారు. మరుసటి ఆదివారం పెద్దల ఆరాధనలో మళ్లీ చెప్పించారు. ఆ తర్వాత పక్క ఊళ్ల చర్చిలు పిలిచాయి, కమలాపురమూ పిలిచింది. తువ్వాలు ఒక సంచిలో పెట్టుకుని ప్రతి ఊరికీ పోయి తిప్పి వచ్చేవాడు. కడప బస్టాండులో జనం "తోక సారు పోతాండాడు" అనుకునే దాకా వచ్చింది. ఎగతాళికి అన్నవాళ్లూ ఉన్నారు. మా మామకు అందరిదీ బిరుదు లాగే వినిపించింది.

నేను ఒకసారి ధైర్యం చేశాను. "మామా, పిల్లి తోక శానా తేలిక. అదొక్కటే ఒళ్లంతా తిప్పాలంటే ఫ్యాను మాదిరి గిరగిర తిరగాల. అట్ల తిరిగేది ఎవురూ చూళ్లేదు గదా."

"తిరుగుతాదమ్మా. మన కంటికి కనపడదు. తిరిగే ఫ్యాను రెక్కలు నీకు కనపడ్తాండాయా?" అని పైకి చూపించాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే.

అప్పుడు వచ్చింది ఆ పిల్లి.

మా వీధి చివర పిండి మర ఉంది. మర నడిపే సాయిబు ఒక పొద్దున గోనెసంచి చంకలో పెట్టుకుని వచ్చాడు. సంచిలో నుంచి బూడిదరంగు తల ఒకటి బయటికి చూస్తోంది. మర పట్టాలో చిక్కుకుని దాని తోక నలిగిపోతే పశువుల ఆసుపత్రిలో మొదలు దాకా తీసేశారట. "తోక పోయింది గాని దర్జా, షాన్ పోలేదమ్మా దీనికి. మర శబ్దం ఇంటే మాత్రం వణుకుతాంది. మీ ఇంట్లో పెట్టుకుంటే సవాబు, పుణ్యం" అన్నాడు. మా అత్త ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తీసుకుంది. దానికి ఆమె పెట్టిన పిలుపు 'మొండిది'. తోక చూసి పెట్టిందో బుద్ధి చూసి పెట్టిందో గాని, రెండింటికీ సరిపోయింది.

మా మామకు ఆ పిల్లి మీద నిజంగానే జాలి కలిగింది. "దీన్ని మిద్దె మీదికి పోనీయొద్దు. తోక లేదు పాపం, పడితే చచ్చిపోతాది" అని మెట్లకు అడ్డంగా చెక్కపలక పెట్టించాడు. పిల్లి ఆ పలకను ఒకసారి వాసన చూసి, జామచెట్టు ఎక్కి, కొమ్మ మీద నుంచి సన్‌షేడు మీదికి దూకి, అక్కడే పడుకోవడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున ట్యూషను జరుగుతోంది. చలికాలం కాబట్టి పిల్లలందరూ వాకిట్లో ఎండకు చాపల మీద కూర్చున్నారు. నేను కాలేజీకి బయలుదేరుతూ గడప దగ్గర ఉన్నాను. మా మామ సరిగ్గా భ్రమణం పాఠంలో ఉన్నాడు. సన్‌షేడు మీద పిల్లి ఒక ఉడుత మీదికి ఎగిరి, పట్టు తప్పి, వెల్లకిలా జారింది. పిల్లలు కెవ్వుమన్నారు. కళ్లు మూసి తెరిచేలోపల అది నాలుగు కాళ్ల మీద వాకిట్లో బండల మీద ఉంది. ఒకసారి మా అందరి వైపూ చూసి, ముందుకాలు నాక్కుని, వంటింట్లోకి పోయింది.

ముందు చాప మీద కూర్చున్న ఒక అమ్మాయి, కమ్మరి వాళ్ల పిల్ల, చెయ్యెత్తింది. "సార్, దానికి తోక లేదు గదా సార్?"

"మొదలు ఉండాది గదా" అన్నాడు మా మామ.

"మొదలు నా బొటనేలంత కూడా లేదు సార్."

"పడేటప్పుడే కాళ్లు కిందికి ఉండాయిలే."

"లేదు సార్. వీపు కిందికి ఉండె. నేను చూస్తి."

మగపిల్లలు పుస్తకాల వెనక దాక్కున్నారు. మా మామ గడియారం చూసుకుని ఆ రోజుకు చాలన్నాడు. మరుసటి రోజు నుంచి భ్రమణం పాఠం సగంలో ఆపేసి విద్యుత్తు మొదలుపెట్టాడు.

ఇంక భోజనాల దగ్గర సిద్ధాంతాలు వరదలై పారాయి. తోక ఉన్నప్పుడు నేర్చుకున్న అలవాటుతో ఇప్పుడు తిరుగుతోందన్నాడు ఒకరోజు. "అలవాటు సరే మామా, తిప్పేకి తోక యాడుండాది?" అన్నాను. లేని తోకను మెదడు ఉన్నట్టే అనుకుంటుందన్నాడు ఇంకోరోజు. మా అత్త అన్నం వడ్డిస్తూ, "పోయినేడు తిన్న కూడు తల్చుకుంటే ఈ యేడు ఆకలి తీరుతాదా?" అంది. ఆయన కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

చివరికి ఆయనే ప్రయోగం చేద్దామన్నాడు. తోక లేని పిల్లి సరిగా తిరగలేదని, ఆ రోజు ఏదో అదృష్టం కొద్దీ బయటపడిందని రుజువు చేయాలని ఆయన ఆశ. ఆదివారం ఆరాధన అయిపోయాక, ఇస్త్రీ చొక్కా విప్పకుండానే వాకిట్లోకి వచ్చాడు. ఇంట్లో ఉన్న బొంతలన్నీ తెచ్చి మెత్తగా పరిచాం. మా ఆయన ఫోను స్లో మోషనులో పెట్టుకుని నిలబడ్డాడు. మా అత్త నడుముకు చేతులు పెట్టుకుని, "నీ రొమ్ము కంటే పైకెత్తితే ఊరుకోను. దానికేమన్నా అయితే ఈ పొద్దు నీకు కూడు లేదు" అని ముందే చెప్పింది. ఒక శాస్త్రవేత్తకు అంతకంటే కఠినమైన నిబంధన ఎవరూ పెట్టి ఉండరు.

మా మామ పిల్లిని వెల్లకిలా పట్టుకుని వదిలాడు. అది కాళ్ల మీద పడింది. పడేముందు ఆయన మణికట్టు మీద మంచి గీత ఒకటి పెట్టిపోయింది.

"చూస్తిరా! నా చెయ్యిని తన్నింది. ఆ తన్నుడుతో తిరిగింది. చెయ్యి లేకపోతే తిరగలేదు" అన్నాడు గీతను చూపిస్తూ, రుజువు దొరికినట్టు.

"ఐతే చెయ్యి లేకుండా ఇడుద్దాం మామా" అన్నాను.

మా అత్త పాత నూలుచీర ఒకటి తెచ్చాను. ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస నేను. మధ్యలో పిల్లి. మా అత్త ఉయ్యాల ఊపినట్టు ఊపుతూ, "నా బంగారూ, నా మొండీ" అని కడుపు నిమిరేసరికి అది వెల్లకిలా పడుకుని గుర్రుగుర్రుమంది. ఉయ్యాల ఆగేవరకు చూసి, "ఇడ్సు" అన్నాను. ఇద్దరం ఒకేసారి కొసలు వదిలేశాం. చీరా పిల్లీ కలిసి కిందికి పోయాయి. తన్నడానికి ఏమీ లేదు. పిల్లి కాళ్ల మీదే ఉంది, చీర మాత్రం వెల్లకిలా పడింది.

అందరం ఫోను చుట్టూ మూగాం. నేను బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పినదాన్ని అంత నెమ్మదిగా, మా ఇంటి పిల్లిలో చూడటం అదే మొదలు. ముందు అది నడుం దగ్గర వంగింది. ముందుకాళ్లు గుండెకు దగ్గరగా ముడుచుకుంది, వెనకకాళ్లు బారుగా చాచింది. ముడుచుకున్న ముందు సగం తేలిగ్గా గిరుక్కున తిరిగిపోయింది. చాచుకున్న వెనక సగం దానికి ఎదురుదిక్కుకు కొంచెమే కదిలింది. తర్వాత పని తారుమారు. ముందుకాళ్లు చాచి, వెనకకాళ్లు ముడిచి, ఈసారి వెనక సగాన్ని తిప్పుకుంది. తల అప్పటికే నేలను చూస్తోంది. ఒక సగం ఎటు తిరిగినా ఇంకో సగం ఎదురు తిరిగి లెక్క సరిపెడుతోంది. మొత్తం మీద కోణీయ ద్రవ్యవేగం సున్నా దగ్గరే ఉంది. అయినా పిల్లి తిరిగింది. తోక ఉండాల్సిన చోట బొటనవేలంత కూడా లేని మొదలు ఊరికే వెంటపోయింది.

మా మామ ఇంకొకసారి చూపించమన్నాడు. మళ్లీ చూపించమన్నాడు. ఫోను చేతిలోకి తీసుకుని కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, కనపడిందా?" అంది మా అత్త.

"కండ్లజోడు తుడుచుకోవాల" అని లోపలికి పోయాడు.

తర్వాత కొన్ని రోజులు ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. నేను కాలేజీ నుంచి వస్తే గురుత్వాకర్షణ లేదు. తువ్వాలు సంచి మేకుకు అలాగే వేలాడుతోంది. మొదట నాకు గెలిచిన సంతోషం కలిగింది, దాచిపెట్టడం ఎందుకు! ఆ తర్వాత భయం వేసింది. జీవితమంతా చెప్పిన పాఠం ఒక మధ్యాహ్నంలో పోగొట్టుకున్న మనిషి కదా, కుంగిపోతాడేమో అనిపించింది. ఆయనకు ఇష్టమని కారం దోశలు పోసి పెట్టాను. మాట కూడా మెత్తబరచుకున్నాను. "తోక కూడా కొంచెం సాయం చేస్తుందిలే మామా" అని కూడా అన్నాను. ఆ జాలికి తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

కమలాపురంలో కోత పండుగ వచ్చింది. రైతులు చేలో పండిన మొదటి పంటలు తెచ్చి చర్చిలో పెట్టే ఆదివారం అది. మా మామది ఆ చుట్టుపక్కల ఊరే కాబట్టి సందేశానికి పిలిచారు. మా అత్త, నేను కూడా వెళ్లాం. జొన్నకంకులూ గుమ్మడికాయలూ అరటిగెలలూ ముందు పేర్చి ఉన్నాయి. పక్కన పెద్ద టీవీ ఒకటి. దానికి తీగ తగిలిస్తూ పాస్టరుగారి తమ్ముడు తంటాలు పడుతున్నాడు. తువ్వాలు సంచి కనబడకపోయేసరికి నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది.

మా మామ లేచాడు. "పిల్లి కాళ్ల మీద ఎందుకు పడ్తాది?" అని అడిగాడు.

"తోక!" అని సంఘమంతా ఒకే గొంతుతో అంది. పోయినేడు అంత బాగా నేర్పాడు మరి.

మా మామ తల అడ్డంగా ఊపాడు. "శానామంది అట్లే అనుకుంటాండారు. తప్పు. ప్రయోగం చేసి చూడకుండా మాట్లాడేవాళ్లు అట్లంటారు. నేను ప్రయోగం చేసినా." టీవీలో మా వాకిలి కనిపించింది. మా బొంతలు, మా పిల్లి, చీరకొసలు పట్టుకున్న రెండు జతల చేతులు. "నడుము! దేవుడు పిల్లికి వంగే నడుము ఇచ్చినాడు. వంగేవాడే నిలబడ్తాడు. గర్వంతో నిక్కినవాడు వీపు మీద పడ్తాడు." అంత మంచి మాట ఆ నోట్లో నుంచి రావడం విని నా చెవులు నేనే నమ్మలేదు. "మా కోడలు గూడ ఫోను పట్టుకుని సాయం చేసింది" అని నా వైపు చూపించాడు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూసి మెచ్చుకోలుగా తలలూపారు.

ముందు వరసలో ఒక ముసలామె, మా మామకు పెద్దమ్మ వరస, కర్ర నేలకు తట్టింది. "ఏమప్పా, పోయినేడు తోక అంటివే?"

అందరి తలలూ మా మామ వైపు తిరిగాయి. దేవుడు నాకొక్కదానికే ఈ పండుగ పెట్టాడనుకున్నాను.

"పోయినేడు మీకు ఎంత అర్థమవుతాదో అంతే చెప్తి పెద్దమ్మా" అన్నాడు మా మామ.

"అదీ నిజమేలే" అని ముసలామె కర్ర పక్కన పెట్టుకుంది. పాస్టరుగారు ఆమేన్ అన్నారు. సంఘమంతా ఆమేన్ అంది. మా అత్త అనలేదు. ఆమె ఒడిలో సంచి సర్దుకుంటోంది, సర్దడానికి అందులో ఏమీ లేకపోయినా.

తిరుగు బస్సులో మా మామ కిటికీ పక్కన, నేను ఆయన పక్కన కూర్చున్నాం. ముందు సీట్లో మా అత్త. ఊరు దాటేవరకు ఓర్చుకుని, "మామా, ఫోను పట్టుకున్నది మీ కొడుకు" అన్నాను.

"అవునా?"

"చీర ఉయ్యాల ఆలోచన నాది. నడుం మాట పెండ్లిచూపుల రోజే చెప్తిని. మీరు చెయ్యెత్తి ఆపితిరి."

ఆయన బయట శనగచేల వైపు చూశాడు. ఒప్పుకుంటాడేమో అనుకున్నాను. "నీకు తెలిసినప్పుడు గట్టిగా చెప్పాల్సిండె గదమ్మా. అందరి ముందర మెల్లగా మాట్లాడితే ఎవురికి ఇనపడ్తాది?" అన్నాడు.

అంటే అది కూడా నా తప్పే.

మా అత్త ముందు సీట్లో నుంచి వెనక్కి తిరిగింది. "ఈసారి నుంచి గట్టిగా చెప్పు. అడ్డమొస్తే నేను చూసుకుంటా" అంది నాతో. ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ ప్రయాణమంతటిలో ఆయన కొంచెం ముడుచుకుని కూర్చున్నది అప్పుడే.

ఆ వారంలోనే కమ్మరి వాళ్ల పిల్ల ఇంకో ఇద్దరు అమ్మాయిలను వెంటబెట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చింది. "మేడం, సారు భ్రమణం పాఠం సగంలో ఇడ్సిపెట్నాడు. పరీక్షలొస్తాండాయి. మీరు చెప్తారా?" ఈసారి నేను గట్టిగానే, ముందుగదిలోకి వినబడేలా, చెప్తానన్నాను. మా మామ పేపరులో నుంచి తల ఎత్తకుండా, "చెప్పనీ. నాకు గొంతు బాగలేదు" అన్నాడు. అంతకు కొంచెం ముందే పాలవాడితో వీధంతా వినబడేలా నీళ్ల గురించి వాదించాడు.

మరుసటి పొద్దున ట్యూషను నాది. మా ఆయన కూర్చునే తిరుగుడు కుర్చీని గది మధ్యకు లాగి, ఆ పిల్లను అందులో కూర్చోబెట్టి, రెండు చేతుల్లో రెండు ఇటుకలు పెట్టాను. చేతులు చాచి తిరిగింది, దగ్గరకు ముడుచుకుంది. వేగం పెరిగేసరికి కేకపెట్టి నవ్వింది. మగపిల్లలు కూడా మేమూ మేమూ అని లేచారు. నేను బోర్డు మీద రాయడానికి తిరిగానో లేదో, పక్క గదిలో నుంచి, బాగలేని ఆ గొంతే, గోడ అదిరేలా వినిపించింది.

"జడత్వ భ్రామకం అనే మాట ముందు చెప్పాల! ముందు చెప్పాలమ్మా అది!"

పిల్లలు నా మొహం చూశారు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, పోయి తలుపు వేసి, గడియ కూడా పెట్టి వచ్చాను. ఆ తర్వాత పాఠం బాగా సాగింది.